రిమోట్ ముందు ఆ అమ్మాయి చేతికివ్వండి

ప్రశ్న: కోస్తా జిల్లాలోని ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీలో ట్యూటర్‌ని. బీఎస్సీ ఫస్ట్ ఇయర్ పిల్లలకు నర్సింగ్ ఫౌండేషన్ ప్రాక్టికల్స్ చూస్తాను. ఈ ఏడాది మా స్కిల్ ల్యాబ్‌లో కెమెరా పెట్టించారు. పిల్లలు మనిషి ఆకారపు బొమ్మ మీద డ్రెస్సింగ్, ఇంజెక్షన్ చేస్తుంటే వీడియో తీసి, మర్నాడు క్లాసులో ప్రొజెక్టర్ మీద వేసి ఎవరెక్కడ తప్పు చేశారో చెబుతున్నాను. ఒకరి తప్పు చూసి 60 మందీ నేర్చుకుంటారని నా ఉద్దేశం. కానీ రెండో వారంలోనే ఒకమ్మాయి క్లాసులో ఏడ్చేసింది. ఇంటికెళ్ళిపోయి నాలుగు రోజులు రాలేదు. మిగతావాళ్ళకు కెమెరా ఆన్ అవగానే చేతులు వణుకుతున్నాయి. మామూలుగా బాగా చేసేవాళ్ళు కూడా వీడియోలో చెడగొడుతున్నారు. ఆపేద్దామంటే ప్రిన్సిపాల్ గారు ఒప్పుకోవడం లేదు, ఇంత ఖర్చు పెట్టాం కాబట్టి వాడాల్సిందే అంటున్నారు. ట్యూటర్లం ఇద్దరమే. అసలు వీడియోతో ఉపయోగం ఉందా? ఉంటే ఎలా వాడాలి?

జవాబు: కెమెరా ఉంచండి. ప్రొజెక్టర్ ఆపేయండి. ఆ ఒక్క మార్పుతో మీ గొడవ సగం తగ్గుతుంది. మిగతా సగానికి కొంచెం ఓపిక కావాలి.

ముందు నా సంగతి చెప్తాను. ట్యూటర్‌గా చేరి పదేళ్ళు దాటాక ఒక ట్రైనింగ్‌కి పంపారు. అక్కడ ఒక్కొక్కరూ ఏదో ఒక ప్రొసీజర్ డెమో ఇవ్వాలి, దాన్ని వీడియో తీస్తారు. నేను తీసుకున్నది కండ ఇంజెక్షన్. కొన్ని వందలసార్లు నేర్పిన పని, కళ్ళు మూసుకుని చేయగలను. చేసేశాను. బాగా చేశాననే అనుకున్నాను. సాయంత్రం ఒక గదిలో నన్నొక్కదాన్నే కూర్చోబెట్టి, టీవీ ముందు రిమోట్ ఇచ్చి వెళ్ళిపోయారు.

రోగిగా పడుకున్న ఆవిడతో నేను మాట్లాడుతున్నాననే అనుకున్నాను ఇన్నేళ్ళూ. తీరా చూస్తే నేను మాట్లాడింది ట్రేతో. సిరంజిలోకి మందు తీస్తూ, వీపు ఆవిడ వైపు పెట్టి, "కొంచెం చీమ కుట్టినట్టుంటుందమ్మా, భయపడకండి" అంటున్నాను. ఆవిడ పైకప్పు చూస్తోంది. పైగా ప్రతి వాక్యం చివరా "సరేనా, సరేనా" అంటున్నాను, ఆవిడ సరే అన్నదో లేదో మాత్రం ఒక్కసారీ చూడలేదు. సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. ఆ సమయంలో నా పక్కన ఇంకో 20 మంది ట్యూటర్లు కూర్చుని అది చూసుంటే నేను నేర్చుకునేదాన్నా? "లైటింగ్ బాలేదు, బెడ్ అటు తిప్పి వేశారు, మామూలుగా నేనిలా చేయను" అని గంటసేపు వాదించేదాన్ని. లేదా మీ అమ్మాయిలాగే బస్సెక్కి ఇంటికెళ్ళిపోయేదాన్ని.

అలాంటిది, ఆ అమ్మాయిని మీరు 60 మంది ముందు ఆరడుగుల తెర మీద చూపించారు. మీ ఉద్దేశం మంచిదే. కానీ 17 ఏళ్ళ పిల్లకు ఆ తెర మీద కనిపించేది డ్రెస్సింగ్ కాదు. తన మొహం, తన లావు, తన జడ, వెనక బెంచీలో ఎవరో నవ్విన చప్పుడు. ఇక చేతిలోని ఫోర్సెప్స్ (పట్టకారు) ఎక్కడ తగిలిందో చూసే కళ్ళెక్కడివి?

ఇది నా ఊహ మాత్రమే కాదు. ఫీడ్‌బ్యాక్ మీద అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ పోగేసి క్లుగర్, డినీసి అనే ఇద్దరు 1996లో ఒక పెద్ద లెక్క తీశారు. ఫీడ్‌బ్యాక్ ఇచ్చిన సందర్భాల్లో మూడో వంతుకు పైగా పనితీరు మెరుగుపడకపోగా తగ్గింది. చేస్తున్న పని మీది నుంచి ధ్యాస "నేను" మీదికి మళ్ళినకొద్దీ ఫీడ్‌బ్యాక్ పనిచేయడం తగ్గుతుందని వాళ్ళు తేల్చారు. క్లాసు మధ్య ప్రొజెక్టర్ కంటే బాగా ధ్యాసను "నేను" మీదికి మళ్ళించే యంత్రం ఇంకోటి ఉంటుందని నేననుకోను.

ఇక ఉపయోగం ఉందా అన్న ప్రశ్న. ఉంది, కానీ మీ ప్రిన్సిపాల్ గారు అనుకునేంత కాదు. కెమెరా ఉన్నంత మాత్రాన ఏమీ జరగదు. టొరంటోలో 42 మంది మత్తు డాక్టర్ల ట్రైనీలతో చేసిన ఒక పరిశోధన 2006లో వచ్చింది. వాళ్ళను మూడు గుంపులు చేసి, సిమ్యులేటర్ మీద ఎమర్జెన్సీ కేసులు చేయించారు. ఒక గుంపుకు ఫీడ్‌బ్యాకే ఇవ్వలేదు. రెండో గుంపుకు నోటితో చెప్పారు. మూడో గుంపుకు వీడియో చూపిస్తూ చెప్పారు. ఫీడ్‌బ్యాక్ లేనివాళ్ళు ఉన్నచోటే ఉన్నారు. మిగతా రెండు గుంపులూ మెరుగుపడ్డాయి, కానీ నోటితో విన్నవాళ్ళకూ వీడియో చూసినవాళ్ళకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే పని జరిగేది పక్కన కూర్చుని మాట్లాడటం వల్ల. మీ దగ్గర కరెంటు పోయిన రోజు కూడా మంచి ఫీడ్‌బ్యాక్ ఇవ్వొచ్చు, టెన్షన్ పడకండి.

మరి వీడియో ఎందుకంటారా? వాదన తెగిపోతుంది, అందుకు. "చేతులు సరిగా రుద్దుకోలేదు" అని మీరంటారు. "రుద్దుకున్నాను మేడమ్" అంటుంది. ఆ పిల్ల అబద్ధం చెప్పడం లేదు. తనకు నిజంగానే రుద్దుకున్నట్టే ఉంటుంది. నీళ్ళు లేకుండా రుద్దుకునే హ్యాండ్ రబ్ అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బుతో కడుక్కుంటే మొత్తం 40 నుంచి 60 సెకన్లు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క మీ గోడ మీద బొమ్మతో సహా అంటించే ఉంటుంది. వీడియోలో సెకన్లు లెక్కపెట్టమనండి. ఏడు దగ్గరో ఎనిమిది దగ్గరో ఆగుతుంది. బొటనవేలు తడవనే తడవదు. అప్పుడు మీరు నోరెత్తాల్సిన పనే ఉండదు. తనే "అయ్యో" అంటుంది. ఆ "అయ్యో" విలువ మీ పది నిమిషాల లెక్చర్‌కి రాదు.

గుండె ఆగినవాళ్ళకు ఛాతీ నొక్కే సీపీఆర్ కూడా అంతే. నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, పెద్దవాళ్ళకైతే 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, ప్రతి నొక్కు తర్వాత ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. పరీక్షలో ఈ అంకెలన్నీ గడగడా అప్పజెప్తారు. చేసేటప్పుడు కంగారులో చేతులు పరుగెత్తుతాయి, అలిసిపోయాక ఛాతీ మీదే వాలిపోతారు. ఆ వాలిపోవడం చేసేవాళ్ళకు తెలియదు. పక్కనుంచి తీసిన 15 సెకన్ల క్లిప్పులో పచ్చిగా కనిపిస్తుంది. లోతు ఎంతో మాత్రం వీడియో సరిగా చెప్పదు, దానికి క్లిక్ వచ్చే బొమ్మో సెన్సరో ఉండాలి. కాబట్టి వీడియో చూసి "లోతు చాల్లేదు" అని తీర్పులివ్వకండి.

మాట తీరు సంగతైతే మరీ. అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనేవాళ్ళు డాక్టరు గదిలో జరిగిన 74 సంభాషణలు రికార్డు చేసి విన్నారు. ఆ పరిశోధన 1984లో అచ్చయింది. రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టాక సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డుపడ్డాడట. చెప్పదలచుకున్నది పూర్తిగా చెప్పగలిగింది నాలుగో వంతు రోగులు కూడా కాదు. ఆ డాక్టర్లను ముందే అడిగి ఉంటే, "మేము ఓపిగ్గానే వింటాం" అనే ఉండేవారని నా నమ్మకం. నేను ట్రేతో మాట్లాడుతున్నానని నాకు తెలిసిందా ఏమన్నా?

సరే, ఇక ఎలా చేయాలో చెప్తాను. అసలు కిటుకు ఒక్కటే, రిమోట్ ఆ అమ్మాయి చేతిలో పెట్టడం. ఇది నా కనిపెట్టుడు కాదు. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో నార్మన్ కేగన్ అనే ఆయన 1960లలోనే కౌన్సెలర్ల శిక్షణ కోసం ఈ పద్ధతి తయారుచేశాడు. వీడియో వేస్తారు. ఎవరి వీడియో అయితే వాళ్ళే తమకు తోచిన చోట ఆపుతారు. ఆపిన చోట "ఇప్పుడు నా మనసులో ఇదుంది" అని చెప్తారు. పక్కనున్నవాళ్ళ పని అడగడం, వినడం. తప్పులు ఏరడం కాదు.

మొదట్లో నాకూ నమ్మకం కుదరలేదు. పిల్లలకు వదిలేస్తే ఎక్కడా ఆపరు, "బాగానే ఉంది మేడమ్" అని లేచిపోతారు అనుకున్నాను. నా అనుభవం దానికి పూర్తిగా తిరగబడింది. ఒకసారి ఒక పిల్ల డ్రెస్సింగ్ వీడియో చూస్తున్నాం. నాకు ముందే తెలుసు తప్పెక్కడో: గాయం తుడిచిన స్వాబ్‌తోనే (దూది ఉండతోనే) మళ్ళీ రెండోసారి తుడిచింది, ఆ కంగారులో ఫోర్సెప్స్ కొన ట్రే అంచుకు తగిలింది. అక్కడ ఆపుతుందా లేదా అని చూస్తున్నాను. అది రాకముందే, నాకు ఏ లోపమూ కనపడని చోట ఆపింది. తెర మీద అంతా సవ్యంగానే ఉంది. గ్లవ్స్ వేసుకుంది, ట్రే తెరిచింది, గాజ్ ముక్క తీసింది.

"ఇక్కడేమైంది?" అన్నాను.

"ఇక్కడ మీరు పెన్ను తీశారు మేడమ్."

చూస్తే నిజమే. తెర మూలన నా చెయ్యి, క్లిప్‌బోర్డు, పెన్ను. నేను చెక్‌లిస్ట్‌లో టిక్కు పెట్టడానికే తీశాను, ఆ పిల్ల బాగా చేసిందని రాయడానికే. తనకేమో ఏదో తప్పు దొరికిందనిపించింది. అక్కడి నుంచి తన కళ్ళు గాయం మీద లేవు, నా పెన్ను మీద ఉన్నాయి. నలభై సెకన్ల తర్వాత స్వాబ్ తప్పింది. నేనే రిమోట్ పట్టుకునుంటే స్వాబ్ దగ్గర ఆపి, "ఒక స్వాబ్ ఒక్కసారే అని ఎన్నిసార్లు చెప్పాలి" అనేదాన్ని. ఆ పిల్లకు ఆ నియమం నాకంటే బాగా వచ్చు. రానిదల్లా ఎవరో చూస్తున్నప్పుడు పని మీద కళ్ళు నిలపడం. వార్డులో రేపు పెన్నుతో నేనుండను, కానీ రోగి కొడుకు ఫోను పట్టుకుని నిలబడతాడు, పెద్ద డాక్టరు రౌండ్స్‌కి వస్తాడు. నేర్పాల్సింది అది. ఆ రోజు నుంచి ప్రాక్టికల్ జరుగుతుండగా పెన్ను తీయడం మానేశాను. ఎలాగూ రికార్డవుతోంది కదా, తర్వాత రాసుకుంటే పోయె.

మీ పిల్లల చేతులు కెమెరా ముందు ఎందుకు వణుకుతున్నాయో నాకు ఇక్కడి నుంచి తెలియదు. కానీ వాళ్ళను అడిగితే వాళ్ళకు తెలుసు. అడిగే పద్ధతి మాత్రం జాగ్రత్త. మన తెలుగులో "ఎందుకు" అనే మాట ప్రశ్న కాదు, చెంపదెబ్బ. "ఎందుకిలా చేశావ్?" అంటే దానికి జవాబు ఉండదు, "సారీ మేడమ్" తప్ప. దాని బదులు మీకు కనిపించింది చెప్పండి, మీకు ఏమనిపించిందో చెప్పండి, తర్వాత అడగండి. "గ్లవ్స్ వేసుకున్నాక బెడ్ రైలింగ్ పట్టుకున్నావు. గ్లవ్స్ అన్‌స్టెరైల్ అయ్యాయేమోనని నాకు భయమేసింది. ఆ క్షణంలో నీ మనసులో ఏముంది?" ఇలా. అప్పుడు ఆ పిల్ల, "బొమ్మ కాలు జారిపోతోంది మేడమ్, పట్టుకోబోయి రైలింగ్ పట్టుకున్నా" అనవచ్చు. అంటే సమస్య స్టెరైల్ గ్లవ్స్‌తో బయటి వస్తువులు తాకకూడదన్న నియమం కాదు, మొదలుపెట్టేముందు రోగిని సరిగా పడుకోబెట్టకపోవడం. రెంటికీ మందు వేరు.

"ముందు మంచి చెప్పు, తర్వాత లోపం చెప్పు" అనే సూత్రం మీకూ ట్రైనింగుల్లో చెప్పే ఉంటారు. ఇంగ్లండులో పెండిల్టన్, ఆయన సహచరులు 1984లో రాసిన పుస్తకం నుంచి ప్రచారంలోకి వచ్చిన పద్ధతి అది. వాళ్ళు చెప్పింది ముందు నేర్చుకునేవాళ్ళే తాము బాగా చేసింది చెప్పుకోవాలని. మన దగ్గరికి వచ్చేసరికి అది మేడమ్ గారి రెండు పొగడ్తలూ ఒక "కానీ" అయిపోయింది. పిల్లలు తెలివైనవాళ్ళు. "ట్రే బాగా సర్దావ్..." అనగానే ఆ పొగడ్త వినరు, వెనక వచ్చే "కానీ" కోసం ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. నన్నడిగితే, మెచ్చుకోవాల్సింది ఉంటే ఆ క్లిప్పు దగ్గర ఆపి, ఏం బాగుందో విప్పి చెప్పి అక్కడితో వదిలేయండి. దానికి తోక తగిలించకండి.

60 మంది, ఇద్దరు ట్యూటర్లు అన్నారు. లెక్క వేద్దాం. ఒక్కొక్కరికి పది నిమిషాలైతే 600 నిమిషాలు, పది గంటలు. ఇద్దరూ పంచుకుంటే తలా ఐదు గంటలు. ఒక ప్రొసీజర్‌కి రెండు వారాల గడువు పెట్టుకుంటే రోజుకు అరగంట. కష్టమే కానీ అసాధ్యం కాదు. అయితే పది నిమిషాల్లో పూర్తి వీడియో చూడాలనుకోకండి. ముందురోజే ఆ పిల్ల తన వీడియో కాలేజీ కంప్యూటర్‌లో ఒక్కతే చూసుకోవాలి. చెక్‌లిస్ట్‌లో తనకు తాను టిక్కులు పెట్టుకోవాలి. రెండు చోట్లు ఎంచుకుని, ఎన్నో నిమిషమో రాసుకుని రావాలి: ఒకటి తనకు నచ్చింది, ఒకటి మీతో మాట్లాడాలనుకున్నది. మీరు చూసేది ఆ రెండు ముక్కలు, మీరు ఎంచిన ఒక ముక్క. అంతకంటే ఎక్కువ చూపిస్తే ఏదీ ఎక్కదు. చెక్‌లిస్ట్‌లో 22 పాయింట్లుంటే 22 పాయింట్లూ చెప్పాలనే దురద మన ట్యూటర్లకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

స్నేహితులిద్దరు జంటగా ఒకరిదొకరు చూసుకోవడం కూడా బాగా పనిచేస్తుంది. జంట మాత్రం వాళ్ళే ఎంచుకోవాలి. రోల్ నంబరు ప్రకారం మీరు వేయకండి.

చూసి మాట్లాడాక మళ్ళీ చేయించడం అన్నిటికంటే ముఖ్యం. మీ ఇంట్లో ఎవరైనా బీఎడ్ చేసినవాళ్ళుంటే మైక్రో టీచింగ్ గురించి అడగండి. 1960లలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో మొదలైన పద్ధతి అది, మన బీఎడ్ కాలేజీల్లో ఇప్పటికీ నడుస్తోంది. ఐదారు నిమిషాల చిన్న పాఠం, ఒక్కటే నైపుణ్యం, వెంటనే ఫీడ్‌బ్యాక్, వెంటనే అదే పాఠం మళ్ళీ చెప్పడం. ఆ "మళ్ళీ చెప్పడం" తీసేస్తే మైక్రో టీచింగే లేదు. మీ దగ్గర లోపించింది కూడా సరిగ్గా అదే. తప్పు చూపించారు, ఏడిపించారు, ఇంకో ఛాన్స్ ఇవ్వలేదు. మొత్తం ప్రొసీజర్ మళ్ళీ చేయించక్కర్లేదు. స్వాబ్ దగ్గర తప్పితే స్వాబ్ నుంచి చేయించండి, రెండు నిమిషాల పని. మళ్ళీ చేయించే టైం లేదనుకున్న రోజు అసలు రికార్డే చేయకండి.

కెమెరా ఎక్కడ పెట్టారో రాయలేదు. గది మూలన పైకప్పుకు పెట్టి ఉంటారు, అందరూ చేసే పని అదే. అక్కడి నుంచి కనిపించేది పిల్ల నడినెత్తి, యాప్రాన్. చేతిపని చూడాలంటే పిల్ల భుజం వెనక నుంచి, ఆ కళ్ళకు ఏం కనిపిస్తుందో అదే కనిపించేలా పెట్టాలి. దీంతో ఇంకో లాభం, మొహం రాదు. మొహం రాకపోతే సిగ్గులో సగం పోతుంది. మొదటి నెలంతా చేతులు మాత్రమే తీయండి. ఫ్యాను మోతలో మాట వినపడకపోయినా చేతిపని చూడటానికి ఫర్వాలేదు.

మాట తీరు నేర్పడానికి మాత్రం మొహాలు రెండూ కావాలి, నర్సుదీ రోగిదీ. బొమ్మ దీనికి పనికిరాదు, బొమ్మ ఎప్పుడూ ఒప్పుకుంటుంది. క్లాస్‌మేట్‌నో, ఒప్పుకుంటే మీ ల్యాబ్ ఆయమ్మనో పడుకోబెట్టండి. ఆయమ్మలైతే బ్రహ్మాండంగా చేస్తారు, వాళ్ళు రోజూ చూసే రోగుల్నే దించేస్తారు. ఒకామె "గుండెల్లో గాబరాగా ఉందమ్మా, రాత్రి మా ఆయన కలలోకొచ్చాడు" అని మొదలుపెట్టింది. పిల్ల "పెయిన్ స్కేల్‌లో ఎంత?" అని అడిగింది. వీడియోలో ఆ చోట ఆ పిల్లే ఆపి, నవ్వాపుకోలేక, "ఆవిడ భర్త పోయారని నేను వినలేదు మేడమ్" అంది. నేనేం చెప్పాలి ఇంక?

మార్కుల సంగతి. ఈ వీడియోలకు మార్కులు వేయకండి, ఒక్క మార్కు కూడా. 2021లో వచ్చిన కొత్త బీఎస్సీ నర్సింగ్ సిలబస్‌లో స్కిల్ ల్యాబ్‌కీ ఓస్కీ పరీక్షకీ (ఒక్కో స్టేషన్ దగ్గర ఒక్కో పని చేయించి మార్కులేసే ప్రాక్టికల్ పరీక్ష) చోటిచ్చారు కాబట్టి, పిల్లల్ని స్టేషన్లలో తిప్పి మార్కులేసే సందర్భాలు మీకు వేరే ఉన్నాయి. ఆ ఓస్కీని 1975లో స్కాట్లండులోని డండీలో హార్డెన్ అనే ఆయన ప్రతిపాదించింది పరీక్ష కోసం, నేర్చుకునేటప్పుడు పక్కన కూర్చోవడం వేరే పని. ఒకే కెమెరా సోమవారం స్నేహితురాలు, శుక్రవారం ఇన్విజిలేటర్ అంటే పిల్లలు నమ్మరు. వణుకు పోవాలంటే ఈ గోడ గట్టిగా కట్టాలి. వరసగా మూడు నాలుగుసార్లు ఏ ప్రమాదమూ జరగలేదని చూశాక వణుకు దానంతటదే తగ్గుతుంది. నేను చూసినంతలో మూడోసారికల్లా కెమెరా ఉందన్న సంగతే మర్చిపోతారు.

ప్రిన్సిపాల్ గారికి కావలసింది బహుశా ఇన్‌స్పెక్షన్‌లో చూపించడానికి ఏదో ఒకటి. దానికి వీడియోలు దాచనక్కర్లేదు. ఏ తేదీన ఎవరు ఏ ప్రొసీజర్ చేశారు, ఏం మాట్లాడుకున్నారు, ఎప్పుడు మళ్ళీ చేశారు అని ఒక రిజిస్టరు పెట్టి, పిల్ల సంతకం తీసుకోండి. వందల వీడియోల హార్డ్ డిస్క్ కంటే చేతిరాతతో నిండిన ఆ రిజిస్టరు చూసేవాళ్ళకు ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.

వీడియోలు దాచడం గురించి గట్టిగానే చెప్తున్నాను. పిల్లల ఫోన్లలో తీయొద్దు, మీ ఫోన్లోనూ తీయొద్దు. క్లాసు వాట్సాప్ గ్రూపులోకి ఒక్క క్లిప్పు పోయిందంటే ఇక మీ చేతిలో ఏమీ ఉండదు. కాలేజీ కెమెరా, కాలేజీ కంప్యూటరు, పాస్‌వర్డు ఇద్దరి దగ్గరే. రెండోసారి చేయడం అయిపోగానే పిల్ల ఎదుటే డిలీట్ చేయండి, అలా చేస్తామని మొదటి రోజే చెప్పండి. తీసేముందు రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి. వద్దన్న పిల్లకు మామూలుగా నోటితో ఫీడ్‌బ్యాక్ ఇవ్వండి. టొరంటో వాళ్ళు చూపించారుగా, ఆ పిల్ల నష్టపోయేదేమీ లేదు. ఇంకొకటి: చేరే ఏడాది డిసెంబరు 31కి 17 నిండితే బీఎస్సీ నర్సింగ్‌లో చేరవచ్చు. అంటే మీ ఫస్ట్ ఇయర్‌లో 18 నిండనివాళ్ళు కచ్చితంగా ఉంటారు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 లోపు వాళ్ళను పిల్లలుగానే చూస్తుంది, తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, హాస్టల్లో వదిలి వెళ్ళిన ఆడపిల్లను కాలేజీలో వీడియో తీస్తున్నారని వేరేవాళ్ళ ద్వారా తెలిస్తే ఏ తండ్రికైనా గుండె ఝల్లుమంటుంది. ఒక కాగితం మీద రెండు పేరాలు, తెలుగులో, రాసి పంపండి.

వార్డులోకి కెమెరా తీసుకెళ్ళకండి. "రియల్ పేషెంట్ మీద చేస్తున్నప్పుడు తీస్తే ఇంకా బాగుంటుంది కదా" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. మంచం మీద పడుకున్న మనిషి మన పాఠ్యపుస్తకం కాదు. గవర్నమెంటు ఆసుపత్రిలో బీద రోగి వద్దనలేడు, ఆ మొహమాటాన్ని ఒప్పుకోలు అనుకోవడం తప్పు.

చివరగా, ఆ నాలుగు రోజులు రాని అమ్మాయి. ఇప్పుడు వస్తోందని మీ ఉత్తరాన్ని బట్టి అనుకుంటున్నాను. తను మీ దగ్గరికి రాదు, మీరే వెళ్ళాలి. స్టాఫ్ రూమ్‌కి పిలిపించకండి, అక్కడ పది జతల కళ్ళుంటాయి. ల్యాబ్ ఖాళీగా ఉన్నప్పుడు ట్రేలు సర్దడానికి సాయం రమ్మనండి. సర్దుతూ సర్దుతూ చెప్పండి, "ఆ రోజు అందరి ముందు వేయడం నా తప్పు" అని. పిల్లలకు సారీ చెప్తే చులకనైపోతామని మన సీనియర్లు నేర్పారు. నేను ముగ్గురు నలుగురికి చెప్పాను, ఎవరికీ చులకన కాలేదు. తన వీడియో తన చేతే డిలీట్ చేయించండి.

తర్వాత కెమెరా తన చేతికిచ్చి, భుజం వెనక నిలబడమని, మీరు వెళ్ళి సింకు దగ్గర చేతులు కడుక్కోండి. రోజూ ఎలా కడుక్కుంటారో అలాగే. కడుక్కున్నాక ఇద్దరూ కూర్చుని చూడండి, సెకన్లు తననే లెక్కపెట్టమనండి. రిమోట్ కూడా తన దగ్గరే ఉండనివ్వండి.